ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకు బాలశిక్ష ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన పంతుల్ని. తెలుగు పంతులుకు ఫ్రెంచ్‌తో ఏం పని అని మీ పాఠకులు అనుకోవచ్చు. మా మనవరాలి వల్ల పడిన పని ఇది. మా ఒక్క ఇంటితో ఆగే సంగతి కాదని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పిల్ల ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుంది. తెలుగైతే మార్కులు పోతాయి, ఫ్రెంచ్ అయితే స్కోరింగ్ అని కాలేజీ వాళ్లే చెప్పారు. ఆ బాధ వేరే ఉంది, ఇప్పుడు దాని జోలికి పోను. రెండేళ్లూ జిరాక్స్ నోట్సు బట్టీ పట్టి, నూటికి తొంభై దాటి తెచ్చుకుంది. ఒక్క కథ చదవలేదు. ఇప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరం, ఫ్రాన్స్ పోయి పైచదువు చదువుతానంటోంది. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులను రప్పించుకోవాలని ఆ దేశమే చెబుతోంది కాబట్టి హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ ఇళ్లలో ఈ మాట ఇకముందు ఇంకా ఎక్కువే వినిపిస్తుంది.

చదివితేనే భాష వస్తుందని నేనే పోరాను. స్నేహితురాలు చెప్పిందని హైదరాబాద్ నుంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. సెంట్ ఎగ్జుపెరీ రాసిన ‘ల పెతీ ప్రిన్స్’, 1943లో వచ్చిన పుస్తకం. సన్నగా ఉంది, బొమ్మలున్నాయి, పిల్లల కథ. ఇంతకన్నా తేలికది ఏముంటుందని నేనూ అనుకున్నాను. వారం తిరిగేసరికి మొదటి పేజీల్లో వరుసకూ వరుసకూ మధ్య పెన్సిల్‌తో రాసిన అర్థాలే నిండాయి. తర్వాత ఒక సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి, “తాతా, ఇది ఇంగ్లీషు మాట కదా, ఇక్కడికెట్ల వచ్చింది?” అంది. ఎఫ్, ఐ, టి అని ఉంది. ఇంగ్లీషులో ఫిట్. ఫ్రెంచ్ వాళ్లు దాన్ని ‘ఫి’ అని పలుకుతారట. చేతి డిక్షనరీలో ఆ మాట లేదు. ఉండదు కూడా. అది ‘ఫేర్’, అంటే చేయడం, అనే క్రియకు భూతకాల రూపం. కథలో ‘అన్నాడు’ అనే అర్థంలో వాడారు. ఈ సంగతి ఇద్దరం కూర్చుని తేల్చుకోవడానికి గంట పట్టింది. ఆ గంటలో కథ ఒక్క వరుస కదల్లేదు. మర్నాటి నుంచి ఆమె ఆ పుస్తకం ముట్టలేదు.

ఆ రూపాన్ని ఫ్రెంచ్‌లో ‘పాసే సాంప్ల్’ అంటారు. రాతలోనే తప్ప మాటల్లో దాదాపు వినపడదు. మనకు ‘వచ్చెను, చూచెను, పలికెను’ ఎలాగో వాళ్లకు అది అలాగ. గిడుగు రామమూర్తి గారు ఎందుకోసం అంత పోరాడారో తెలిసిన మనకు ఈ ఇబ్బంది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పుస్తకం గొప్పదే, దాని తప్పేమీ లేదు. పిల్లల పుస్తకమైతే తేలిగ్గా ఉంటుందనుకోవడం మా తప్పు. ఎనిమిదేళ్ల ఫ్రెంచ్ పిల్లవాడికి చెవి నిండా భాష ఉంది, పడుకునే ముందు విన్న కథల్లో ఆ ‘పలికెను’లూ ఉన్నాయి. వాడికి చదవడం ఒక్కటే కొత్త. మన పిల్లలకు భాషా కొత్తే, చదవడమూ కొత్తే. ఇంకో వింత చూడండి, ఫ్రెంచ్ రచయిత కామూ పెద్దల కోసం రాసిన, 1942లో వచ్చిన ‘లెత్రాంజే’ నవల చాలావరకు మాటల్లో వాడే భూతకాలంలోనే నడుస్తుంది.

మనం పిల్లలకు అక్షరాలు, గుణింతాలు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, తర్వాత చిన్న వాక్యాలు అని బాలశిక్ష వరసలో నేర్పాం. ఫ్రెంచ్‌కూ ఆ వరస ఉంది. ఐరోపాలో భాషా స్థాయిలను ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా విడగొట్టారు. మొదటి నాలుగు మెట్లకు ‘డెల్ఫ్’ పరీక్షలు జరుగుతాయి. ఆ మెట్ల ప్రకారమే, పరిమితమైన మాటలతో, వర్తమానకాలంలో మొదలుపెట్టి రాసిన చిన్న కథల పుస్తకాలను సీఎల్ఈ, అషెట్ లాంటి ప్రచురణ సంస్థలు వేస్తున్నాయి. అట్ట మీదే ఏ1, ఏ2 అని ఉంటుంది. కావలసినవి ఇవి.

కొనేటప్పుడు నేను చూడమనేది ముఖ్యంగా రెండు. ఒకటి, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదివించండి. నూరు మాటల్లో తెలియనివి రెండు మూడు ఉంటే కథ సాగుతుంది, పది ఉంటే పుస్తకం పక్కన పెట్టేయాలి. రెండోది ఆడియో, ఇది లేకుండా కొనొద్దు. తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం. అక్కడ ఆకుపచ్చ రంగు, గాజు గ్లాసు, వానపాము, ‘ఫలానా వైపు’ అనే నాలుగు మాటలకూ నాలుగు స్పెల్లింగులు, పలికితే నాలుగూ ‘వేర్’. కంటితో మాత్రమే నేర్చుకున్న పిల్ల రేపు పారిస్‌లో ఎదుటి మనిషి మాట విని బిత్తరపోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు చాలా మాటలు తెలిసినట్టే కనిపిస్తాయి గానీ అక్కడా జాగ్రత్తగా ఉండాలి. ‘లిబ్రేరీ’ అంటే పుస్తకాల షాపు, మన లైబ్రరీని ‘బిబ్లియోతెక్’ అంటారు. లెక్చర్ అనే స్పెల్లింగ్ కనిపిస్తే దానర్థం చదవడం!

ఫోన్‌లో అన్నీ ఉచితంగా దొరుకుతాయి కదా అంటారు. నిజమే, టీవీ5మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ చానెల్ వాళ్ల పాఠాలు ఏ1 నుంచే ఉన్నాయి, మంచివి. ఆర్ఎఫ్ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు, చదువుకోవడానికి పాఠంతో సహా ఇస్తుంది, కానీ మొదటి నెలల్లో అవి అందవు. ఆ ఫోన్‌లోనే పక్కన రీల్స్ కూడా ఉంటాయి. నలభై పేజీల పుస్తకం చివరిదాకా చదివి మూసినప్పుడు వచ్చే ధైర్యం వేరు.

నా విన్నపం జిల్లా గ్రంథాలయ సంస్థలకు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలకు పుస్తకాలు కొంటున్నారు, సంతోషం. ఒక్క అరలో ఏ1, ఏ2 స్థాయి ఫ్రెంచ్ కథల పుస్తకాలు ఇరవై పెట్టండి. బయటి దేశం పుస్తకాలు ఒక్కో విద్యార్థికి బరువే, పదిమంది చేతులు మారితే ఆ బరువుండదు. ఫ్రెంచ్ సబ్జెక్టు పెట్టిన కాలేజీలు కూడా నోట్సుతో పాటు వారానికొక కథ చదివించాలి. తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, 1904లోనే, రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మాది. కొత్త భాష పుస్తకాలకు ఒక అర ఇవ్వడం ఇక్కడ పెద్ద పని కాకూడదు.

మా పిల్ల ఇప్పుడు రెండు ఏ1 పుస్తకాలు పూర్తి చేసింది, మూడోది నడుస్తోంది. మొదటి రెండింటినీ నవంబర్ 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలైన రోజునే తెచ్చి ఇస్తాం. వాటి మీద పెన్సిల్ గీతలు చాలా తక్కువ, అవి కూడా చెరిపేసే ఇస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హన్మకొండ.