మా తమ్ముడి కేసులో తోడు నిలిచిన వాళ్లందరికీ

కిందటి వారం మా తమ్ముడి బ్యాంకు ఖాతాలో నష్టపరిహారం డబ్బు చివరి విడత పడింది. ఫోన్ చేసి అడిగిన వాళ్లకి ఎవరికి వాళ్లకి చెబుతూనే ఉన్నాను గానీ, కొందరి గురించి నలుగురికీ తెలిసేలా రాయాలనిపించింది. పేర్లు రాయడం లేదు. ఒకరు ప్రభుత్వోద్యోగి, ఇద్దరు వద్దంటే వద్దన్నారు. చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలుస్తుంది, చాలు.

తెలియని వాళ్ల కోసం: మా తమ్ముడు కార్పెంటరు. 2023లో గుంటూరు దగ్గర ఒక ఫర్నిచర్ షెడ్డులో కట్టింగ్ మిషన్ మీద చెక్క కోస్తుంటే కుడిచెయ్యి మణికట్టు దగ్గరికి పోయింది. అప్పటికి వాడికి ముప్ఫై ఏళ్లు, పాపకి ఏడాదిన్నర. షెడ్డు పేరు, ఓనరు పేరు రాయను. ఆయన కట్టాల్సింది కట్టేశాడు, ఇక ఆయనతో మాకు పనిలేదు.

అందరికంటే ముందు దండం పెట్టాల్సింది ఆ రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు గారికి. తమ్ముణ్ణి తీసుకొచ్చిన షెడ్డు వాళ్లు "ఇంటి దగ్గర ఏదో చెక్క కోసుకుంటుంటే తెగిందండీ" అని చెప్పారు. నేను అప్పటికింకా ఆస్పత్రికి చేరలేదు. ఆవిడ ఆ మాట రాసుకోకుండా, వాళ్లని బయటికి పంపించి, నొప్పితో మెలికలు తిరుగుతున్న వాణ్ణే అడిగారట, "నువ్వు చెప్పు నాన్నా, ఎక్కడ జరిగింది?" అని. వాడు షెడ్డు పేరు చెప్పాడు. డాక్టరుగారితో చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించారు, పోలీసులకి సమాచారం పంపించారు. కేస్ షీటు మొదటి పేజీలో "షెడ్డులో పని చేస్తుండగా మిషన్‌లో పడి" అన్న ఆ ఒక్క లైను లేకపోతే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. ఎందుకంటే విచారణలో ఓనరు తరఫువాళ్లు మొట్టమొదట అన్నమాట, ఈ మనిషి ఆ రోజు మా దగ్గర పనిలోనే లేడని.

వారం తిరక్కుండానే ఓనరు పళ్ల సంచీతో ఆస్పత్రికొచ్చాడు. "మనలో మనకి కేసులెందుకమ్మా, నేనున్నాను కదా" అంటూ యాభై వేలు ఇస్తానన్నాడు. వెంట ఒక స్టాంపు కాగితం కూడా తెచ్చాడు. మా బాబాయి కూడా తీసేసుకోమనే అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, చేతిలో డబ్బు లేనప్పుడు యాభై వేలంటే మాటలు కాదు. ఆ కాగితాన్ని ఆపింది మా స్కూల్లో ఆయమ్మ గారి అల్లుడు. ఆయన కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల సంఘం దగ్గర పారా లీగల్ వాలంటీరు. కాగితం ఫోటో పంపిస్తే పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేశారు. "ఇకముందు ఏ క్లెయిమూ చేయను అని ఉంది చూడండక్కా మూడో పేరాలో. ఇలా హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా చట్టం ముందు చెల్లదు. కానీ సంతకం పెట్టాక అది చెల్లదని మనం నిరూపించుకుంటూ తిరగాలి, ఎందుకొచ్చిన గొడవ? ఆయన డబ్బులిస్తే తీసుకోండి, సంతకం మాత్రం పెట్టకండి" అన్నారు. సంతకం లేకపోయేసరికి డబ్బూ రాలేదు. అది వేరే సంగతి.

లాయరుని ఉచితంగా పెట్టించిందీ ఆయనే. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయరుని ఇస్తుంది. ఇది నాకు అంతవరకూ తెలీదు. మీలో ఎంతమందికి తెలుసో గానీ, 15100 నంబరుకి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఉచితం కదా, పట్టించుకోరేమో అని మా అమ్మ ఒకటే టెన్షన్ పడింది. మాకు దొరికిన మేడమ్‌ని చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మేడమ్ గురించి కాస్త వివరంగానే రాయాలి. మొదటిసారి కలిసినప్పుడు అపాయింట్‌మెంటు లెటరు ఉందా అని అడగలేదు. షెడ్డు పనివాళ్లకి అలాంటివి ఉండవని ఆవిడకి తెలుసు. తమ్ముడి ఫోను తీసుకుని, శనివారం బట్వాడా ఎలా ఇచ్చేవాళ్లు అని అడిగారు. ఫోన్‌పేలో. బ్యాంకు స్టేట్‌మెంటు తీయించి, ఆ శనివారాలన్నీ పచ్చ స్కెచ్‌పెన్నుతో గుర్తు పెట్టించారు. వాట్సాప్‌లో ఓనరు పంపిన వాయిస్ మెసేజీలు తుడిచెయ్యకుండా దాచమన్నారు. "పొద్దున ఏడింటికల్లా రా, రెండు డోర్లు ఇవాళ దిగిపోవాలి" లాంటివి. వాడు మేస్త్రీ కింద వచ్చిన మనిషి, నా మనిషి కాదు అని అవతలివాళ్లు తర్వాత అడ్డం తిరిగినప్పుడు, అప్పటికి అమల్లో ఉన్న 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో దానికీ జవాబుంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, తన వ్యాపారంలో భాగమైన పని చేయించుకున్నవాడి దగ్గర పరిహారం అడగొచ్చు. కేసు నడిచింది మామూలు కోర్టులో కాదు, కార్మిక శాఖ అధికారి ముందు. ఈ చట్టం కింద ఆయనే కమిషనరు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు వేయాలి.

అసలు గొడవంతా శాతం దగ్గర. ఈ చట్టంలో లెక్క ఇలా ఉంటుంది. నెల జీతంలో 60 శాతాన్ని, వయసుని బట్టి ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేస్తారు. ముప్ఫై ఏళ్లకి ఆ అంకె 207.98. మావాడు నెలకి ఇరవై రెండు వేల దాకా సంపాదించేవాడు, కానీ 2020 జనవరి నుంచి చట్టం లెక్కలోకి తీసుకునే జీతం 15,000 మించదు. (అంతకుముందు పదేళ్ల పాటు 8,000 మాత్రమేనట! రోజుకి వెయ్యి తీసుకునే మేస్త్రీలున్న ఈ రోజుల్లో ఆ 15,000 గీత ఏ లెక్కన గీశారో నాకు అర్థం కాదు.) అంటే 9,000 ఇంటూ 207.98, మొత్తం 18,71,820 రూపాయలు. ఇది పూర్తిగా పనికిరాకుండా పోయినవాళ్లకి. చట్టం వెనకున్న పట్టికలో చెయ్యి మణికట్టు దాకా పోతే 60 శాతం అని ఉంది. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లోనూ 60 శాతమే వేశారు. ఆ లెక్కన 11,23,092. "సర్టిఫికెట్ మీదే కదా, అందులో అరవై ఉంటే నూరు ఎలా అడుగుతారు?" అన్నది అవతలి లాయరు వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. రెండో చెయ్యి బాగానే ఉంది కదా, వాచ్‌మన్‌గా చేసుకోవచ్చు అని కూడా అన్నారు.

మేడమ్ తమ్ముడి వాంగ్మూలం రోజున వాణ్ణి ఎక్కువ ప్రశ్నలేమీ అడగలేదు. ఉలి ఏ చేత్తో పట్టుకుంటారు, సుత్తి ఏ చేత్తో కొడతారు అని అడిగారు. చెప్పాడు. చిత్రిక పట్టేటప్పుడు? రెండు చేతులతోనూ అన్నాడు. మిషన్ మీద చెక్క తోసేటప్పుడు? రెండు చేతులతోనూ. ఎడమచేత్తో ఏం చేయగలరు అంటే, కాసేపు ఆలోచించి, "టేపు పట్టుకోగలనండీ, అటు చివర ఇంకెవరైనా పట్టుకుంటే" అన్నాడు. అంతే.

ఆ తర్వాత మేడమ్ సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో ఇచ్చిన ఒక తీర్పు పెట్టారు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు. అందులో కూడా బాధితుడు వడ్రంగే. ఎడమచెయ్యి మోచేతి పైకి తీసేశారు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి జరిగింది నూరు శాతం నష్టమేనని కోర్టు అంది. చట్టం చూసేది ప్రమాదం నాటికి ఆ మనిషి చేయగలిగిన పని ఇక చేయగలడా లేడా అని. శరీరంలో ఎంత భాగం పోయిందన్నది ఒక లెక్క, సంపాదన ఎంత పోయిందన్నది ఇంకో లెక్క. రోడ్డు ప్రమాదాల కేసుల్లో కూడా ఇదే పద్ధతి. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఉదాహరణ మేడమ్ నాకు చదివి వినిపించారు. ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు మొత్తం సంపాదన పోయినట్టే, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు. సర్టిఫికెట్‌లో తక్కువ శాతం చూసి నీరుగారిపోయే వాళ్లు ఎవరైనా ఉంటే ఈ పేరా వాళ్ల కోసమే రాశాను.

ఇక మా తమ్ముడి పక్క మిషన్ మీద పనిచేసిన కుర్రాడు. వాడి గురించి రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రంపం మీద ఉండాల్సిన గార్డుని తమ్ముడే కావాలని తీసేశాడని ఓనరు చెప్పాడు. పనివాడు కావాలని రక్షణ తొలగించుకుంటే, పూర్తి వైకల్యమో మరణమో అయితే తప్ప యజమానికి బాధ్యత ఉండదు. అంటే ఆ అబద్ధం నిలబడి, శాతం దగ్గర కూడా మేం ఓడిపోతే రూపాయి రాదు. ఈ కుర్రాడి ఫోన్లో, ప్రమాదానికి కొన్ని నెలల ముందు షెడ్డులో ఎవరిదో పుట్టినరోజు కేకు కోసినప్పటి ఫోటో ఉంది. కేకు పెట్టింది ఆ మిషన్ బల్ల మీదే. వెనకాల రంపం చక్రం పళ్లతో సహా కనబడుతోంది, గార్డు లేదు. ఫోటోలో ఓనరు కూడా ఉన్నాడు, నోట్లో కేకు ముక్కతో. ఆ కుర్రాడే మాకు ఫోన్ చేసి "అక్కా, ఇదేమన్నా పనికొస్తుందా?" అని పంపాడు. సాక్ష్యం చెప్పడానికి రమ్మంటే వచ్చాడు. వచ్చిన మర్నాడే షెడ్డులో పని పోయింది. పోతుందని తెలిసే వచ్చాడు.

కమిషనరు గారు నూరు శాతం కిందే ఆర్డరిచ్చారు. వైద్యానికి మేం పెట్టిన ఖర్చు బిల్లుల మేరకు వేరుగా వచ్చింది. ప్రమాదం జరిగి నెల దాటాక కూడా కట్టనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ వేశారు. పెనాల్టీ మాత్రం ఇవ్వలేదు. పరిహారంలో సగం దాకా వేసే అధికారం ఉండి కూడా వేయలేదని మేడమ్‌కి ఇప్పటికీ కోపమే. మాకు లేదు. ఓనరు హైకోర్టుకి వెళ్తానని బెదిరించాడు గానీ, యజమాని అప్పీలు వేయాలంటే ముందు ఆర్డరులో ఉన్న మొత్తం డిపాజిట్ చేసి ఆ సర్టిఫికెట్ జతచేయాలి. వెళ్లలేదు, కట్టలేదు కూడా. చివరికి భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయమని కాగితం కదిలి, రెవెన్యూ వాళ్ల నోటీసు చేతికందాకే విడతలుగా కట్టాడు. ఆ కాగితం ఏ బల్ల మీద ఆగిందో ఎప్పటికప్పుడు కనుక్కుని, విసుక్కోకుండా చెప్పిన లేబర్ ఆఫీసు గుమాస్తా గారికి, ఒక్క కాఫీ కూడా మాతో తాగని ఆయనకి, నమస్కారాలు.

సదరం స్లాటు బుక్ చేసి, క్యాంపు రోజున వాడితో పాటు వచ్చి కూర్చున్న సచివాలయం అమ్మాయికి థాంక్స్. ఆ సర్టిఫికెట్ వల్లే పింఛను వచ్చింది. మొదట్లో 3,000 ఉండేది, 2024 జూలై నుంచి 6,000 అయింది. కేసు సాగినంత కాలం ఇంట్లో పాలూ బియ్యం వాటితోనే. వడ్డీ అడగకుండా అప్పిచ్చి, నోటు కూడా రాయించుకోని మా ఎదురింటి పిన్నిగారి బాకీ మొన్న తీర్చేశాం. ఆవిడ లెక్క పెట్టుకోలేదు, నేనే పెట్టి ఇచ్చాను.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి రెండు సంగతులు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉండాలి. అది ఉన్నవాళ్లు అక్కడే క్లెయిమ్ చేయాలి, మాలా కమిషనరు దగ్గర కాదు. మావాడి షెడ్డులో అంతమంది లేరు. రెండోది, మా కేసు పాత చట్టం కింద నడిచింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కాబట్టి, ఆ తర్వాత జరిగిన ప్రమాదాలకి మా సెక్షన్లు చూసి దరఖాస్తు రాసుకోకండి, లాయరుని అడగండి. ఆర్డరు కాపీ కావాలంటే పేర్లు కొట్టేసి పంపిస్తాను, మెసేజ్ పెట్టండి.

ఆ కుర్రాడు ఇప్పుడు విజయవాడలో ఇళ్ల దగ్గరికే వెళ్లి పని చేస్తున్నాడు. తలుపులు, వార్డ్‌రోబులు, వంటింటి షెల్ఫులు, ఏదైనా చేస్తాడు. కొలతలు తీయడానికి మా తమ్ముడు కూడా వెళ్తున్నాడు, అటు చివర టేపు వాడు పట్టుకుంటాడు. మీ ఇంట్లో చెక్కపని ఏదైనా ఉంటే నాకు చెప్పండి, నంబరిస్తాను.