ఆటల తెర మీద తెగిపోతున్న ఒత్తులు

సంపాదకులకు,

వీడియో గేముల గురించి పత్రికలకు వచ్చే ఉత్తరాలు చాలావరకు పిల్లల చదువులు పాడైపోతున్నాయన్న బాధతో రాసేవే. నాది మాత్రం ఆడదామని కూర్చుని, తెర మీది అక్షరాలు చదవలేక లేచిపోయినవాడి గోడు. విజయవాడలో ముప్పై ఏళ్లు డీటీపీ పని, అంటే కంప్యూటరు మీద అచ్చుకు అక్షరాలు కూర్చే పని చేశాను. ఇప్పుడు చత్వారం వచ్చింది.

మొన్న సంక్రాంతికి మా మనవడు తెలుగులో ఉందంటూ ఫోనులో ఒక ఆట పెట్టి ఇచ్చాడు. సెట్టింగ్స్‌లో ఒక బటన్ మీద ‘శబం’ అని ఉంది. కళ్లజోడు సవరించుకుని చూస్తే అది ‘శబ్దం’. ఇంగ్లిషు అక్షరం ఎత్తుకు కొలిచి చేసిన గడిలో ద ఒత్తు కింది అంచు దగ్గర తెగిపోయింది. ‘మళ్లీ ఆడండి’లో ల ఒత్తుకూ అదే గతి పట్టింది. పైన గుడి, కింద ఒత్తు ఉండే లిపి కాబట్టి అక్షరాల సైజు పెంచకపోయినా వరుసల మధ్య జాగా ఎక్కువ వదలాలని మాకు పనిలో చేరిన మొదటి వారమే నేర్పారు.

ఇది ముసలివాళ్ల ఇబ్బంది మాత్రమే కాదు. 2006లో వచ్చిన డెడ్ రైజింగ్ అనే వీడియో గేములో అక్షరాలు మరీ చిన్నవి కావడంతో పాత టీవీలున్న కుర్రవాళ్లు కూడా చదవలేకపోయారు. 2020 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలోనేమో అక్షరాలు పెంచుకోవడం మొదలు, తెర మీది రాతను చదివి వినిపించడం దాకా అరవైకి పైగా సౌకర్యాలు పెట్టారు. టీవీకి పెట్టి ఆడే ఆటల్లో 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద అక్షరం ఎత్తు కనీసం 26 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) ఉండాలని మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంగ్లిషుకు అది చాలునేమో గానీ, ‘రాష్ట్రం’లోని రెండు ఒత్తులు ఆ ఎత్తులో స్పష్టంగా కనిపిస్తాయని నేననుకోను.

రంగుల సంగతీ ఇంతే. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మా తమ్ముడు ఫోను లూడోలో తన కాయ అనుకుని పక్కవాడి కాయ మీద వేలు పెడుతుంటాడు. అదే అష్టాచెమ్మాలో ఒకరివి చింతగింజలు, ఒకరివి గాజు ముక్కలు, ఇంకొకరివి పుల్లలు కాబట్టి వాడికి ఏనాడూ చిక్కు రాలేదు. రంగుతోపాటు ఆకారమూ మారిస్తే చాలు.

ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వాలకు చెబుతోంది. అదే ఏడాది తెలంగాణ యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం తెచ్చింది. ఆట తయారీదారులకు రాయితీలిచ్చే ప్రభుత్వాలు, అక్షరాల సైజు పెంచుకునే వీలు మొదటి తెర మీదే ఉండాలన్న షరతు పెట్టాలని కోరుతున్నాను. ఇక తెలుగులో ఆటలు తెచ్చే సంస్థలు విడుదలకు ముందు తమ తెరలను తెలుగు కూర్పు పని తెలిసినవారు ఒక్కరికైనా చూపించాలి. ఆ ‘శబ్దం’ బటన్ అక్కడే దొరికిపోయేది.

– ఒక విశ్రాంత డీటీపీ ఆపరేటర్, విజయవాడ