పిల్లల సీటు పాపకూ సరిపోవాలి, కారుకూ సరిపోవాలి

సంపాదకుడు గారికి,

తెనాలిలో సొంత కారు కిరాయికి నడుపుకుంటున్నాను. గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల ప్రయాణాలే నాకు ఎక్కువ. అమెరికా నుంచి వచ్చే కుటుంబాలు కొన్ని పెట్టెలతో పాటు పిల్లల సీటునూ మోసుకొస్తాయి. మూడేళ్ల కిందట ఒక తల్లి, సీటు కదలకుండా బిగిసేదాకా బయలుదేరేది లేదని శంషాబాద్ పార్కింగులో నలభై నిమిషాలు నిలబడిపోయింది. అక్కడి కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే తాళం పడినట్టు బిగుసుకుంటుందట. నా కారు బెల్టు కుదుపు వస్తే తప్ప పట్టుకోదు. ఎంత లాగి కట్టినా సీటు పక్కకు జరుగుతూనే ఉంది.

"వెనక సీటు సందులో ఇనుప కడ్డీలు ఉండాలి, చూడండి బాబాయ్ గారూ" అందామె. చేయి పెట్టి వెతికితే, నేను ముచ్చటపడి వేయించిన రెక్సిన్ కవరు కింద గట్టిగా ఏదో తగిలింది. బ్లేడుతో కుట్టు విప్పాను. పెన్సిలు లావున రెండు కడ్డీలు! కారు కొన్ననాటి నుంచీ అక్కడే ఉన్నాయి. సీటు కొక్కేలు వాటికి టక్కున పడ్డాయి. ఐసోఫిక్స్ అంటే అవేనని ఆ రోజు తెలిసింది.

ఈ ఏడు మా అమ్మాయి కూతురికి సీటు కొనాల్సి వచ్చింది. పాపకు పద్నాలుగు నెలలు, తొమ్మిది కిలోల పైచిలుకు బరువు, డెబ్బై ఆరు సెంటీమీటర్ల పొడవు. విజయవాడలో మొదటి దుకాణం ఆయన ఒక సీటు చూపించి, పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా ఇదొక్కటే చాలన్నాడు. పాపను కూర్చోబెట్టి చూస్తే భుజం పట్టీలు ఆమె చెవుల దగ్గర నుంచి దిగుతున్నాయి. కారు వెనక వైపుకు చూసేలా కూర్చున్న బిడ్డకు పట్టీలు భుజాలకు సమంగా గానీ, కాస్త కిందనుంచి గానీ రావాలి. ముందుకు చూసే వయసు వచ్చాక భుజాలకు సమంగానో కాస్త పైనుంచో రావాలి. చెవుల దగ్గర ఉన్న పట్టీలను కిందికి దించే వీలు ఆ సీటులో లేదు.

రెండో దుకాణంలో సీటును కారులో పెట్టి చూడనిచ్చారు. మొదట పెట్టినది ఎంత పెద్దదంటే, దాని కోసం నా సీటు ముందుకు జరిపితే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. దాన్ని తీయించి పొట్టిది తీసుకున్నాను. కొనే ముందు, సీటు ఏ భద్రతా ప్రమాణానికి సరిపోతుందో చెప్పే నారింజ రంగు స్టిక్కరు చూడాలి. ఆర్ 44 అని ఉంటే లెక్క బరువుతో: వెనక్కి చూసే చిన్న సీటు 13 కిలోల వరకు, పట్టీల సీటు 9 నుంచి 18 వరకు, ఆ పైన బెల్టు సరిగ్గా పడేందుకు ఎత్తు సీటు 36 వరకు. ఆర్ 129 అని ఉంటే లెక్క పొడవుతో, పైగా 15 నెలలు నిండేదాకా వెనక్కి చూసేలాగే కూర్చోబెట్టాలి. మొదటి పుట్టినరోజు కాగానే ముచ్చటగా ముందుకు తిప్పేస్తున్నారు, దయచేసి తొందరపడవద్దు. పసిబిడ్డ తల బరువు, మెడ లేత. ఎదురుగా గుద్దుకుంటే ఆ విసురును వీపంతా పంచుకోవాలి, మెడ ఒక్కటే మోయలేదు. ఇంకొక మాట: డ్రైవరు పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తూ ఉంటే, అక్కడ వెనక్కి చూసే సీటు ఎన్నడూ పెట్టకూడదు.

"ఒళ్లో పెట్టుకుంటే చాలదా?" అని మా ఇంటావిడ అడిగింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకోవడం సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి పడినంత. ఆ విసురులో బిడ్డను పట్టుకోగల చేతులు ఎవరికీ లేవు. ఇప్పుడు పాప పట్టీలు బిగించేది ఆవిడే. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత రాకూడదని నేర్చుకుంది. చలికాలం లావు స్వెటరు తీసి, పట్టీలు కట్టాక పైన దుప్పటి కప్పుతుంది.

పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కాజ టోల్ ప్లాజా దగ్గర నా బెల్టును చాలాసార్లు చూశారు, వెనక సీటులో పిల్లలను ఒక్కసారీ చూడలేదు. పోలీసు అధికారులు ఆ పని మొదలుపెట్టాలి. షోరూముల వారు కారు అప్పగించే రోజున పాటల పెట్టె చూపినంత శ్రద్ధగా ఐసోఫిక్స్ కడ్డీలనూ చూపించాలి. సీటు కవర్లు కుట్టేవారు ఆ చోట రెండు చీలికలు వదలాలి. మా వీధిలో కవర్లు కుట్టే కుర్రవాణ్ణి పిలిచి నా కారులో చేయి పెట్టించి చూపించాను. ఇప్పుడు వదులుతున్నాడు.

— అద్దె కారు డ్రైవరు, తెనాలి