ఓఆర్‌ఎస్ పొట్లం గ్లాసులోకి కాదు, లీటరులోకి

సంపాదకులకు నమస్కారం.

నాలుగు వానలు పడి గెడ్డలు పారగానే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాంతులు, విరేచనాల వార్తలు మొదలవుతాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల పేరు రాష్ట్రమంతా వినబడింది ఇందుకే. ఆ వార్తల పక్కన ‘ఓఆర్‌ఎస్ తాగండి, శక్తి వస్తుంది’ అని చిన్న పెట్టె కట్టి వేయడం పత్రికలకు అలవాటు. తాగమన్న సలహా మంచిదే. శక్తి వస్తుందనడం పొరపాటు. ఎన్ని నీళ్ళలో కలపాలో రాయకపోవడం మాత్రం ప్రమాదం. పత్రిక చెప్పిందని పొట్లం చింపి గ్లాసు నీళ్ళలో పోసి పసిపిల్లకు పట్టే ఇళ్ళున్నాయి కనుకే ఈ ఉత్తరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి అమలుచేస్తున్న సూత్రం ప్రకారం లీటరు పొట్లంలో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. లీటరు నీటిలో కరిగితే సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు 75 మిల్లీమోల్స్ అవుతాయి. సోడియం పక్కన గ్లూకోజు ఉండటం కాకతాళీయం కాదు. అంతకు ముందున్న సూత్రంలో సోడియం 90, గ్లూకోజు 111 ఉండేవి, మొత్తం గాఢత (కరిగినవన్నీ కలిపి) లీటరుకు 311 మిల్లీఆస్మోల్స్. ఇప్పుడది 245కి తగ్గింది. రక్తం గాఢత సుమారు 290. పేగులోని నీరు రక్తం కన్నా పలచగా ఉంటేనే లోపలికి పీల్చుకోవడం సులువు.

పొట్లంలో సోడియం, గ్లూకోజు రెండూ ఎందుకో తెలియాలంటే పేగు గోడలోని కణం దాకా వెళ్ళాలి. కణత్వచం రెండు వరసల కొవ్వు అణువులతో తయారైన పొర, మందం ఇంచుమించు 5 నానోమీటర్లు. ఆక్సిజన్ లాంటి చిన్న వాయువులు దాన్ని దాటిపోతాయి. ఉప్పులోని సోడియానికి విద్యుదావేశం ఉంది, గ్లూకోజు పెద్దది, నీటిలో కరిగేది. ఈ రెండూ కొవ్వు పొరలో నుంచి పోలేవు, వాటికి ప్రోటీన్లతో కట్టిన గుమ్మాలు కావాలి. చిన్న పేగు కణాలకు ఆహారం వైపున్న గుమ్మాల్లో ఒకదాని పేరు ఎస్‌జీఎల్‌టీ-1. దాని షరతు ఒకటే: రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు కలిసి వస్తేనే తిరుగుతుంది. ఒకటి లేకుండా రెండోదాన్ని రానివ్వదు. ఆ రెండూ లోపలికి చేరాక వాటి వెనకే నీరు వెళుతుంది. అంటే పొట్లంలోని గ్లూకోజు ప్రధానంగా సోడియానికి జతగాడు.

కణానికి అవతలి వైపు, రక్తం ఉన్న దిక్కున, సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. ఒక ఏటీపీ (కణం శక్తికోసం ఖర్చుపెట్టే అణువు) ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటకు తోడి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఇది ఆగకుండా తోడుతూ ఉంటేనే కణం లోపల సోడియం 10-15 మిల్లీమోల్స్ దగ్గర ఉంటుంది. బయటేమో 140. ఈ పల్లం ఉన్నందుకే ఇవతలి గుమ్మం దగ్గర సోడియం తోసుకుని వస్తుంది, గ్లూకోజును చెయ్యి పట్టుకుని తెస్తుంది. పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో కనిపెట్టాడు, నోబెల్ 1997లో వచ్చింది. సోడియం, గ్లూకోజు జంటగా నడుస్తాయన్న ఊహను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో చెప్పాడు.

కలరాలో ఏం జరుగుతుందో చూస్తే దీని విలువ తెలుస్తుంది. కలరా విషం పేగు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి క్లోరైడ్ గుమ్మాలను బార్లా తెరిచేస్తుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, దాని వెంట సోడియం, నీరు బయటపడతాయి. కలి నీళ్ళలాంటి విరేచనం అదే. అయితే ఆ విషం ఎస్‌జీఎల్‌టీ-1 జోలికి పోదు. ఒక గుమ్మంలోంచి నీరు కారిపోతున్నా పక్క గుమ్మంలోంచి లోపలికి తోడుకోవచ్చు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు బంగావ్ శిబిరంలో కలరాతో పోతున్నప్పుడు, ఎక్కించడానికి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ చేసింది ఇదే. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే పట్టించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. మన పాఠ్యపుస్తకాల్లో కణత్వచం పాఠం పక్కన ఈ మనిషి ఫొటో వేస్తే పిల్లలకు ఆ పాఠం జన్మలో మరుపురాదు. ఇది మా అభిప్రాయం.

ఇక కలపడంలో జరిగే తప్పులు. లీటరు పొట్లం 200 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తే గాఢత ఐదింతలు, అంటే 1225. సోడియం 375. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడితే మర్నాటికి అడుగున ఊట నిలబడుతుంది కదా. ఒక్క చుక్క నీరు పొయ్యకపోయినా ఆ ఊట ఎక్కడిది? ముక్క కణాల్లోది. బయట ఉప్పు ఎక్కువయ్యేసరికి కణాల్లోని నీరు బయటకు వచ్చేసింది. చిక్కగా కలిపిన ఓఆర్‌ఎస్ పిల్ల పేగులో చేసే పని అదే. ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనం పెరుగుతుంది. కొంత ఉప్పు రక్తంలోకి చేరి సోడియం మితిమీరితే మెదడు కణాలు నీరు కోల్పోయి కుంచించుకుపోతాయి. పిల్లకు దాహం ఆగదు, చిరాకు పడుతుంది, ఆపైన మూర్ఛలు. ‘ఓఆర్‌ఎస్ పట్టించాకే ఎక్కువైంది’ అనే మాట వెనక చాలాసార్లు ఈ గ్లాసే ఉంటుంది.

పొట్లాన్ని రెండు లీటర్లలో కలపడమూ తప్పే, సోడియం 37కి పడిపోతుంది, పోయిన ఉప్పు చాలినంత తిరిగి రాదు. సగం పొట్లం ఇప్పుడు, సగం సాయంత్రం అని విడదీయడం కూడా తప్పే. పొడిలో నాలుగు పదార్థాలు సమంగా కలిసి ఉంటాయన్న హామీ లేదు, తేమ తగిలితే గడ్డకడుతుంది. చిన్న కుటుంబం అయితే 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు దొరుకుతాయి, బరువు నాలుగు గ్రాముల చిల్లర. పొట్లం మీద ఎన్ని మిల్లీలీటర్లకో రాసి ఉంటుంది, ముందు అది చదవాలి.

లీటరు కొలవడం దగ్గరే అసలు చిక్కు. ఇంట్లో స్టీలు గ్లాసు 150 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా ఏదైనా కావచ్చు, చెంబు సంగతి చెప్పనే అక్కర్లేదు. కిరాణా కొట్లో అమ్మే లీటరు నీళ్ళ సీసా అన్నిటికన్నా నమ్మకమైన కొలత. మందు ఫుల్ బాటిల్ కడిగి లీటరు అనుకునేవాళ్ళున్నారు, అది 750 మిల్లీలీటర్లే. కాచి చల్లార్చిన నీటిలో పొడి కలపాలి. కలిపాక మరిగించకూడదు, నీరు ఆవిరై చిక్కబడుతుంది. మూతపెట్టి ఉంచి 24 గంటలు దాటితే పారబోయాలి. రుచికోసం పంచదార, పాలు, పండ్లరసం, కూల్‌డ్రింక్ ఏదీ చేర్చకూడదు.

శక్తి మాటకు వద్దాం. లీటరు ఓఆర్‌ఎస్‌లోని 13.5 గ్రాముల గ్లూకోజు నుంచి వచ్చేది 50 కిలో క్యాలరీల చిల్లర. ఒక ఇడ్లీ పాటి. దాన్ని శక్తి పానీయం అనడం హాస్యాస్పదం. కానీ శక్తి లెక్క మరోచోట ఉంది. రెండు సోడియం అయాన్లను బయటకు తోడడానికి పంపుకు ఒక ఏటీపీలో మూడింట రెండు వంతులు చాలు. గ్లూకోజు ఒక్క అణువు కణంలో ఆక్సిజన్‌తో పూర్తిగా కాలితే 30 వరకు ఏటీపీలు పుడతాయి, ఆక్సిజన్ అందకపోతే రెండే. నీరు పోయి రక్తపు ఒత్తిడి పడిపోయిన పిల్లలో జరిగేది ఈ రెండో రకం. కణాలకు ఆక్సిజన్ చేరదు, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఏటీపీ చాలక పంపులు నెమ్మదిస్తాయి, సోడియం లోపలే ఉండిపోయి కణాలు ఉబ్బుతాయి. అక్కడిదాకా వచ్చిన పిల్ల సోలిపోతుంది, తాగలేదు. అప్పుడు సెలైన్ ఒక్కటే దారి. ఓఆర్‌ఎస్ పని అంతకు ముందే. సందర్భం వచ్చింది కనుక చెప్పాలి, ఈ ఏటీపీని 1929లో వేరుచేసి చూపినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు, ఫిస్కేతో కలిసి. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా కనిపెట్టాడు.

మెడికల్ షాపులో ‘ఓఆర్‌ఎస్’ అడిగితే చేతిలో పెట్టిన అట్టడబ్బాల తీపి పానీయాల కథ అందరికీ తెలిసిందే, అవి అసలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడరాదని ఆదేశించింది. అసలైన ఓఆర్‌ఎస్‌లో 100 మిల్లీలీటర్లకు తీపి 1.35 గ్రాములు. చాలా కూల్‌డ్రింకుల్లో సుమారు 10 గ్రాములు, సోడియం నామమాత్రం. అంటే జతగాళ్ళు గుంపుగా వచ్చారు, జత మాత్రం లేదు. గుమ్మం బయట మిగిలిపోయిన పంచదార మాగాయ ఊట పని చేస్తుంది. గ్లూకోజు పొడి డబ్బాదీ ఇంచుమించు ఇదే కథ. జీడి బట్టీల దగ్గర, పొలాల్లో చెమటోడ్చే ఆరోగ్యవంతులకు ఉప్పు వేసిన మజ్జిగ చాలు.

పొట్లం దొరకని వేళ ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు నీటికి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, తలకొట్టిన అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది. పంచదార అంత ఎందుకంటే అది పేగు గోడ దగ్గర సగం గ్లూకోజుగా, సగం ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఫ్రక్టోజు వేరే గుమ్మంలో పోతుంది, సోడియాన్ని తీసుకెళ్ళదు. ఉప్పు పొరపాటున ఎక్కువైతే పంచదార ఎక్కువైనదానికన్నా చేటు, అందుకే కలిపాక రుచి చూడాలి. కన్నీటి కన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి. మాకైతే గంజి ఇంకా నచ్చుతుంది. అన్నం గంజిలోని పిండిపదార్థం మెల్లగా విడిపోయి గ్లూకోజును కొంచెం కొంచెం ఇస్తుంది, కనుక గాఢత పెరగదు. కలరాలో బియ్యపు ఓఆర్‌ఎస్ విరేచనాన్ని తగ్గిస్తుందని రుజువైంది. లీటరు పలచటి గంజికి అర చెంచా ఉప్పు. పలచగా కాచిన చోడి (రాగి) అంబలి కూడా పనికొస్తుంది. తరవాణి (పులిసిన గంజి) మీద మాకూ మమకారమే గానీ విరేచనాల పిల్లకు అప్పటికప్పుడు కాచిన గంజే మేలు.

పట్టే తీరు: ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళ లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ళ లోపు వాళ్ళకు 100 నుంచి 200, పెద్దలకు అడిగినంత. వాంతి చేస్తే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టాలి. గ్లాసు ఎత్తి గటగటా పోస్తే మళ్ళీ వాంతే. తల్లిపాలు, తిండి మానకూడదు. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకు 10, మొత్తం 14 రోజులు. మూడోరోజు విరేచనాలు కట్టాయని మాత్రలు అటక మీద పెట్టేస్తారు. అది పేగు పొర మళ్ళీ అల్లుకోవడానికి ఇచ్చేది, మధ్యలో ఆపితే పూర్తి లాభం ఉండదు. కళ్ళు లోతుకు పోయినా, పొట్ట చర్మం చిటికెతో లాగి వదిలితే రెండు సెకన్లలో సర్దుకోకపోయినా, మలంలో రక్తం పడినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కొబ్బరితోటలూ కిడ్నీ జబ్బులూ ఎక్కువగా ఉన్న ఉద్దానం పాఠకులకు వేరుగా ఒక మాట అచ్చువేయాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ. అవి ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి అసలే ప్రమాదం. కణం లోపల పొటాషియం 140, బయట రక్తంలో 3.5 నుంచి 5 మాత్రమే ఉండాలి. కిడ్నీ బయటకు పంపలేక అది 6.5 దాటితే గుండె కణత్వచం మీద విద్యుత్తు తేడా తగ్గిపోయి గుండె లయ తప్పుతుంది. ఓఆర్‌ఎస్‌లోనూ లీటరుకు 20 మిల్లీమోల్స్ పొటాషియం ఉంది. అలాగని విరేచనాలవుతుంటే ఏమీ తాగకుండా కూర్చుంటే ఉన్న కాస్త కిడ్నీ పోతుంది. వాళ్ళు ఇంట్లో లెక్కలు వేసుకోకుండా అదేరోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, ఎంత తాగాలో ఆయనే చెప్పాలి.

ఈసారి పెట్టె కట్టేటప్పుడు ‘గ్లాసు’, ‘పొట్లం’ అన్న మాటల పక్కన మిల్లీలీటర్లు వేయండి. ‘శక్తి’ తీసేసి ఆ జాగాలో లీటరు సీసా బొమ్మ వేస్తే చదువురాని అమ్మకు కూడా అర్థమవుతుంది.

ఇట్లు,
జీవశాస్త్ర అధ్యాపకులు కొందరు,
శ్రీకాకుళం