పఠాన్‌కోట్ అమరుల సభకు తోడు నిలిచిన దేవరకొండ వాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. 2016 జనవరి 10, ఆదివారం నాడు, దేవరకొండలో హైస్కూల్ గ్రౌండ్‌లో, పంజాబ్‌లోని పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద జనవరి 2న జరిగిన టెర్రరిస్టుల దాడిలో పోయిన అమరుల కోసం పెట్టిన సంతాప సభకు వచ్చినవాళ్లకు, రాలేకపోయినా వెనక ఉండి పని చేసిపెట్టినవాళ్లకు మా నాయన తరఫున, మా ఇంటందరి తరఫున దండాలు. "ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్తా" అని నాయన పట్టు పట్టిండు. మోకాళ్ల నొప్పులతో అది అయ్యే పని కాదు. అందుకని ఆయన చెప్పమన్నవి, నేను చెప్పుకోవాలనుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికతో చదవండి.

మా నాయనను ఊళ్లో అందరూ మిలిటరీ సారు అంటారు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయి, దేశమంతా తిరిగి రిటైరయ్యాడని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన డీఎస్సీలో చేరిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మన దగ్గర డీఎస్సీ అంటే టీచర్ పోస్టుల పరీక్షే కాబట్టి చెప్తున్నాను, ఇది డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. సైన్యంలో సర్వీసు అయిపోయిన జవాన్లను మళ్లీ తీసుకుని ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లకు, ఆయుధాల డిపోలకు, నేవీ స్థావరాలకు కాపలా పెడతారు. దీని సెంటర్ కేరళలోని కన్నూరులో ఉంది. పిల్లల చదువులని, ఆడపిల్ల పెళ్లని, ఇంటి మీద అప్పని, ఒకసారి విప్పిన యూనిఫాం మళ్లీ వేసుకున్నవాళ్లే వీళ్లలో ఎక్కువ. యాభై ఏళ్లు వచ్చినా రాత్రంతా టవర్ మీద నిలబడతారు.

అట్లా నాయనకు పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పోస్టింగ్ వచ్చింది. 1990ల మాట. అప్పుడు నేను మూడో తరగతి. నల్లటి ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నాయన పేరు, నంబరు. అందులో చింతపండు, పసుపు, కారం, అమ్మ పట్టిన మామిడికాయ తొక్కు. దేవరకొండ నుంచి బస్సులో హైదరాబాద్, అక్కడి నుంచి రైల్లో ఢిల్లీ, మళ్లీ ఇంకో రైలు. పఠాన్‌కోట్ దగ్గరి చక్కీ బ్యాంక్ రైల్వే స్టేషన్‌లో దిగేసరికి పొగమంచు. స్వెట్టర్ అనేదే తెలియని పిల్లలం మేము. నాయనతో పాటు స్టేషన్‌కు వచ్చిన ఒక సిక్కు హవల్దార్ తన శాలువా తీసి మా తమ్ముడికి చుట్టాడు. ఆయనను మేము పోస్టింగ్ ఉన్నన్నాళ్లూ తాయాజీ అనే పిలిచాము, అంటే పెదనాయన.

మా క్వార్టర్ చిన్నది. కానీ వాన వెలిసిన పొద్దున బయటికొస్తే ఉత్తరం వైపు ధౌలాధార్ కొండలు, వాటి మీద మంచు. దేవరకొండ ఖిల్లా తప్ప ఇంకో కొండ పేరు తెలియని మాకు అది నమ్మకం కుదరని సంగతి. స్టేషన్ లోపల ఎక్కడ చూసినా నీలగిరి చెట్లు. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల తోటల్లో లీచీలు. స్కూల్లో టీచర్ పాఠం చెప్తుండగా మిగ్ విమానం లేచిందంటే కిటికీలు గడగడలాడేవి. టీచర్ ఆగేది, మేమూ ఆగేవాళ్లం, చప్పుడు కొండల వైపు పోయాక ఆపిన మాట దగ్గర్నుంచి మళ్లీ పాఠం. సెలవుల్లో దేవరకొండకు వచ్చినప్పుడు ఇక్కడి స్కూలు నిశ్శబ్దం నాకు కొత్తగా ఉండేది.

మన భోగి పండుగ రోజుల్లోనే అక్కడ లోహ్రీ. క్వార్టర్ల మధ్య మంట వేసి అందులో నువ్వులు, పల్లీలు వేసేవాళ్లు, చుట్టూ తిరిగి పాడేవాళ్లు. అమ్మ మా ఇంట్లో పాత చీపుర్లు, విరిగిన పీట తెచ్చి ఆ మంటలోనే వేసి, మా భోగి కూడా అయిపోయిందనేది. ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాతి ఏడు పక్క క్వార్టర్ల ఆడవాళ్లు కూడా తమ ఇంటి పాత సామాను తెచ్చారు. అమ్మ సకినాలు చేసి పంచింది. వాళ్లు మక్క రొట్టెలు, ఆవాకు కూర పంపారు. ఇయ్యాల్టికీ మా ఇంట్లో చలికాలంలో ఆవాకు దొరికితే అమ్మ వదిలిపెట్టదు.

నాయన నైట్ డ్యూటీ ఉన్న రోజు మాకు భయం ఉండేది కాదు. ఇది ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతున్నది. ఆ స్టేషన్ మీద 1965 సెప్టెంబర్ 6న పాకిస్తాన్ సేబర్ విమానాలు వచ్చి నేల మీద ఉన్న మన విమానాలను తగలబెట్టాయని, 1971 డిసెంబర్ 3 సాయంత్రం మళ్లీ వచ్చాయని తాయాజీ మంచం మీద కూర్చుని కథలాగా చెప్పేవాడు. సరిహద్దు దగ్గరే ఉన్నదని పిల్లలందరికీ తెలుసు. అయినా భయం లేదు, ఎందుకంటే గోడ వెంబడి టార్చిలైటుతో తిరిగేది మా నాయనలే. ఎవరి నాయన ఏ పోస్టు మీద ఉన్నాడో మాకు నోటికి వచ్చు. తెల్లవారి డ్యూటీ దిగి, కంబలి మీద మంచు బిందువులతోనే మెస్‌లో చాయ్ తాగి వచ్చేవాళ్లు.

జనవరి 2 శనివారం తెల్లవారుజామున ఆ గోడ దూకి వచ్చినవాళ్లకు ముందుగా ఎదురుపడింది ఈ డీఎస్సీ వాళ్లే. మెస్ దగ్గర పొద్దుటి నాష్టా పనిలో ఉన్నవాళ్లు, చేతిలో ఆయుధం లేనివాళ్లు. హిమాచల్‌లోని చంబా జిల్లా జగదీశ్ చంద్ ఒట్టి చేతులతో వెంటపడి, ఒకణ్ని పట్టుకుని వాడి తుపాకీతోనే వాణ్ని చంపాడు. మిగతావాళ్ల కాల్పుల్లో ఆయన పోయాడు. గురుదాస్‌పూర్ జిల్లా సుబేదార్ మేజర్ ఫతే సింగ్, 1995 కామన్వెల్త్ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో దేశానికి బంగారు పతకం తెచ్చిన మనిషి. అదే జిల్లా కుల్వంత్ సింగ్, కాంగ్రా సంజీవ్ కుమార్, జమ్మూ వైపు సాంబా మూల్ రాజ్. ఈ ఐదుగురూ డీఎస్సీ. ఎయిర్‌ఫోర్స్ గరుడ్ కమాండో గురుసేవక్ సింగ్ కూడా ఆ పోరులోనే పోయాడు, వయసులో చిన్నవాడు. మరునాడు చచ్చిన టెర్రరిస్టు ఒంటి మీది గ్రెనేడు పేలి ఎన్ఎస్‌జీ, అంటే నేషనల్ సెక్యూరిటీ గార్డ్, లెఫ్టినెంట్ కర్నల్ నిరంజన్ పోయాడు. మొత్తం ఏడుగురు. ఏడు పేర్లూ రాయమని నాయన చెప్పిండు, అందుకే రాశాను.

ఆ రోజుల్లో నాయన టీవీ ముందు నుంచి లేవలేదు. అన్నం ముందు పెడితే కలిపి అట్లనే వదిలేసేవాడు. తనతో పనిచేసినవాళ్లంతా ఎప్పుడో రిటైరయ్యారు. పోయినవాళ్లలో ఒక్కరూ తనకు ముఖపరిచయం లేదు. "మొఖం తెల్వకుంటే ఏంది, ఆ మెస్‌ల చాయ్ తాగినోడు నావోడే" అన్నడు. ఒక ఛానల్‌లో వాళ్లను "సెక్యూరిటీ గార్డులు" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయారు. బజార్లో ఎవరో "వాచ్‌మెన్లేనట గదా సారూ, పాపం" అన్నారట. చెడు ఉద్దేశంతో అన్న మాట కాదు, నాకు తెలుసు. కానీ ఇంటికొచ్చి నాయన ఏడ్చిండు. మా నాయనమ్మ పోయినప్పుడు తప్ప ఆయన ఏడవంగ నేను చూడలేదు. "వాళ్లు సోల్జర్లు బిడ్డా. రెండుసార్లు ఒట్టు పెట్టుకున్న సోల్జర్లు. మనూళ్ల ఒక్కసారి వాళ్ల పేర్లు మైకుల చదవాలె" అన్నడు.

అదొక్కటే ఆయన కోరిక. దానికి ఇంతమంది కదులుతారని నేను అనుకోలేదు.

ముందుగా టెంట్ హౌస్ అన్నకు. సంక్రాంతి ముందు, పెళ్లిళ్లు లేని రోజులే అయినా, షామియానా, కుర్చీలు, మైకు తెచ్చి, మనుషులను కూడా తనే పెట్టి, కిరాయి మాట ఎత్తితే కోప్పడ్డాడు. ఫ్లెక్సీ కొట్టే తమ్ముడు రాత్రి దుకాణం మూయకుండా కూర్చున్నాడు. పేర్లలో ఒక్క అక్షరం తప్పు పోకూడదని నాయన మూడు నాలుగుసార్లు మార్పించినా విసుక్కోలేదు. ఆ ఫ్లెక్సీ మీద ఏడుగురి పేర్లు తప్ప ఇంకెవరి ఫోటో వద్దని నాయన షరతు. మన దగ్గర అది ఎంత కష్టమో మీకు తెలుసు. అన్ని పార్టీల నాయకులూ ఒప్పుకున్నారు. వచ్చి స్టేజీ ఎక్కకుండా జనంలో కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ల మర్యాదను మేము మర్చిపోము.

గ్రౌండ్ ఇచ్చి, ముందు రోజు పిల్లలతో శుభ్రం చేయించిన హెడ్మాస్టర్ గారికి నమస్కారాలు. శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక మసీదులో సభ సంగతి చెప్పిన పెద్దలకు సలాం. వాళ్లు చెప్పబట్టే ఆటో అన్నలంతా ఆ పూట కొండమల్లేపల్లి రోడ్డులో ముసలివాళ్లను కిరాయి లేకుండా ఎక్కించుకొచ్చారు. నల్గొండ, కల్వకుర్తి, అచ్చంపేట నుంచి మెడల్స్ పెట్టుకుని వచ్చిన మాజీ సైనికులకు నాయన సెల్యూట్ చెప్పమన్నడు. వాళ్లలో ఇద్దరు డీఎస్సీ వాళ్లే. ఇన్నాళ్లూ ఇంత దగ్గర్లో ఉండి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సభ అయ్యాక ముగ్గురూ మా వాకిట్లో చీకటి పడేదాకా కన్నూరు ట్రైనింగ్ ముచ్చట్లు చెప్పుకున్నారు.

బ్యాండ్ మేళం తమ్ముడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సైన్యంలో అమరులకు వందనంగా 'లాస్ట్ పోస్ట్' బిగుల్ మీద వాయిస్తారు. మన దగ్గర బిగుల్ ఎక్కడిది? పెళ్లి ఊరేగింపుల్లో ట్రంపెట్ వాయించే ఈ పిల్లాడు యూట్యూబ్‌లో విని, ఒక రాత్రి కూర్చుని నేర్చుకున్నాడు. పొద్దున్నే మా ఇంటికొచ్చి నాయన ముందు వాయించి చూపించాడు. చివర్లో ఊపిరి ఎక్కడ ఆపాలో నాయన చెప్పిండు. సభలో అతను మొదలుపెట్టగానే మాజీ సైనికులంతా అటెన్షన్‌లో లేచి నిలబడ్డారు. వెనక బఠాణీలు అమ్ముకునే పెద్దాయన కూడా బండి వదిలి చేతులు దించుకుని నిలబడ్డాడు. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. తమ్ముడూ, నీ పెళ్లికి మా నాయన మెడల్స్ పెట్టుకుని వస్తానన్నడు, తారీఖు చెప్పడం మర్చిపోకు.

డిండి వైపు తండా నుంచి ఒక అమ్మ వచ్చింది. కొడుకు జమ్మూలో సిపాయి. సభ అయ్యాక నాయన దగ్గరికొచ్చి, అక్కడ చలి ఎట్లుంటది, పిల్లలకు కప్పుకోను మంచి రజాయిలు ఇస్తరా, రోజూ వేడి అన్నం పెడతరా అని అడిగింది. పఠాన్‌కోట్ వార్త వచ్చిన కాడి నుంచి ఒకటి రెండు మాటలే మాట్లాడుతున్న మనిషి, ఆమె పక్కన కుర్చీ వేసుకుని అన్నీ వివరంగా చెప్పిండు. జాకెట్ సంగతి, బుఖారీ పొయ్యి సంగతి, లంగర్‌లో, అంటే సిపాయిల వంటశాలలో, ఏ వారం ఏం వండుతారో కూడా. అమ్మా, మీరు రావడం వల్ల మా ఇంటికి ఎంత మేలు జరిగిందో మీకు తెలియదు. ఆ రాత్రి నాయన కడుపు నిండా తిన్నడు.

హిందీ పండిత్ సార్‌కు ప్రత్యేకంగా. ఐదు కుటుంబాలకు నాయన ఉత్తరం రాయించాలనుకున్నాడు. ఆయన చెప్పే హిందీ బారకుల హిందీ, వ్యాకరణం తక్కువ. సార్ ఆ మాటలను అట్లనే ఉంచి, అక్షరాలు మాత్రం చక్కగా పేర్చారు. "నేను మీ ఆయన నిలబడ్డ గోడ దగ్గరే నిలబడ్డవాణ్ని. మా ఊళ్లో మీ ఆయన పేరు మైకులో చదివినం" అని మొదలవుతుంది ఉత్తరం. ఐదు ప్రతులు రాసి, కన్నూరులోని డీఎస్సీ రికార్డ్స్ ద్వారా ఇళ్లకు చేర్చమని రిజిస్టర్ పోస్టులో పంపాం. పోస్టాఫీసులో కవర్ మీద అడ్రస్ చూసి, నాయనను కుర్చీలో కూర్చోబెట్టి తానే స్టాంపులు అంటించిన అక్కయ్యకు కూడా థ్యాంక్స్.

సభ ఖర్చుల కోసమని కొందరు బలవంతంగా చేతిలో పెట్టిన డబ్బు దాదాపు మొత్తం మిగిలింది, ఎవరూ ఖర్చు కానివ్వలేదు గనక. దాన్ని నల్గొండ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయుధ దళాల పతాక నిధికి కడుతున్నాం. రసీదు కాపీ హైస్కూల్ ఆఫీసులో ఉంచుతాను, ఎవరైనా చూడొచ్చు. స్టేజీ దగ్గర ఒక నీలం శాలువా, ఒక చేతికర్ర ఉండిపోయాయి, టెంట్ హౌస్‌లో ఇచ్చాం, తీసుకోండి.

పేరు పేరునా చెప్పలేకపోయినవాళ్లు మన్నించండి. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో డీఎస్సీలో చేసి వచ్చినవాళ్లు, ఇప్పుడు చేస్తున్నవాళ్ల ఇంటివాళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి. పండుగ దాకా నేనూ ఇక్కడే ఉంటాను. అమ్మ సకినాలు మొదలుపెట్టింది, ఈసారి పిండి ఎక్కువే తడిపింది.