వార్షిక నివేదిక 2024–25: ఇయర్ 11 దాటిన పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువ కంగారు పడ్డ పెద్దలు

ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి పదిహేను రోజుల ముందు కార్యదర్శి నివేదిక మీకు చేరాలి. ఈసారి ఐదు రోజులు ఆలస్యమైంది, తప్పు నాదే. మా అబ్బాయి కూడా ఈ ఏడాదే ఇయర్ 11లో, మన టెన్త్ లాంటి జీసీఎస్ఈ పరీక్షలు రాసి, ఇంటర్ లాంటి సిక్స్త్ ఫారంలో చేరాడు. కాబట్టి కింద రాసిన టెన్షన్లలో సగం మా ఇంట్లోవే అనుకుని చదవండి.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసినవే. ఆదివారం తెలుగు బడికి చిన్న తరగతుల్లో పిల్లలు బాగానే వస్తున్నారు. ఇయర్ 9 దాటితే మాత్రం ఒక్కరూ కనపడరు. వాళ్ళనూ అనలేం. ఇక్కడ జీసీఎస్ఈలో బెంగాలీ, పంజాబీ, ఉర్దూ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. మార్కులు రాని సబ్జెక్టుకి పరీక్షల ఏడాదిలో పిల్లల్ని పంపమని తల్లిదండ్రుల్ని అడిగే ధైర్యం నాకే లేదు. మా వాణ్ణి కూడా మాన్పించాను.

ఈ ఏడాది మనం చేసిన అసలు పని సిక్స్త్ ఫారం సన్నాహం. ఎందుకు పెట్టుకున్నామో పాతవాళ్ళకి తెలుసు. గత మూడు నాలుగేళ్ళలో స్లౌ, రెడింగ్, బ్రాక్‌నెల్ వైపు వచ్చిన కుటుంబాల్లో చాలామంది పిల్లలు నేరుగా ఇయర్ 9లోనో 10లోనో చేరారు. వాళ్ళ తల్లిదండ్రులకి తెలిసింది మన పద్ధతి: టెన్త్ రాయడం, ఫలితాలు రావడం, ఆ మార్కులు పట్టుకుని ఇంటర్ కాలేజీలు తిరగడం. ఇక్కడ వరస తిరగేసి ఉంటుంది. ఇయర్ 11 మొదట్లో, అక్టోబరు నవంబరుల్లోనే స్కూళ్ళు చూసి రావడానికి పెట్టే ఓపెన్ ఈవినింగ్‌లు అయిపోతాయి. చాలా చోట్ల చలికాలంలోనే దరఖాస్తులు పెట్టేయాలి. పరీక్షలు రాయకముందే షరతులతో సీటు ఇస్తారు. ఆగస్టులో గ్రేడ్లు వచ్చాక ఆ షరతు నెరవేరిందా లేదా అని చూడటమే మిగిలేది. పోయినేడాది మన సభ్యుల్లో ఒక కుటుంబం జూన్‌లో నాకు ఫోన్ చేసి, "ఇప్పుడు ఏ కాలేజీకి అప్లై చేయమంటారు అక్కా?" అని అడిగింది. ఆ రాత్రే కమిటీలో ఈ మాట ఎత్తాను.

పేరు దగ్గరే చిక్కు మొదలు. గుంటూరు నుంచి ఒక తాతగారు ఫోన్లో, "పది పాసయ్యాక మళ్ళీ ఆరో తరగతేమిటమ్మా, డిటైన్ చేశారా?" అని అడిగారట. ఇక్కడ పూర్వం హైస్కూల్లో మొదటి ఏడాదిని ఫస్ట్ ఫారం అనేవాళ్ళు. అలా లెక్కపెట్టుకుంటూ వస్తే చివరి రెండేళ్ళు సిక్స్త్ ఫారం. ఇప్పుడవి ఇయర్ 12, 13. మన ఇంటర్ రెండేళ్ళ లాంటివే, కానీ మామూలుగా మూడే సబ్జెక్టులు. అదనపు లెక్కల సబ్జెక్టైన ఫర్దర్ మ్యాథ్స్ తీసుకునేవాళ్ళకి చాలాసార్లు నాలుగు.

నవంబరులో జరిగిన మొదటి సమావేశానికి పద్దెనిమిది మంది వచ్చారు. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రొజెక్టర్ పనిచేయలేదు, చాలామంది గంట ఆలస్యంగా వచ్చారు. పని మాత్రం జరిగింది. వచ్చిన ప్రతి ఇంట్లోంచీ రెండు మూడు చోట్లకి దరఖాస్తు వెళ్ళింది. ఒకటి కంటే ఎక్కువ సీట్లు చేతిలో ఉంచుకోవచ్చన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇక జూలై 5, శనివారం. దీని గురించి కాస్త వివరంగా రాయనివ్వండి.

ముందు హాలు సంగతి. మూడు నెలల ముందు డబ్బు కట్టి బుక్ చేసుకున్న హాలును పది రోజులుందనగా ఒక్క ఈమెయిల్‌తో రద్దు చేశారు. కారణం అడిగితే ఆరు ఫోన్లకి ఆరుగురు మాట్లాడారు, ఒక్కరూ సమాధానం చెప్పలేదు. చివరికి ఊళ్ళోని గురుద్వారా వాళ్ళు రెండు గదులిచ్చి, డబ్బు తీసుకోకుండా, వచ్చినవాళ్ళందరికీ టీ కూడా పోశారు. వాళ్ళకి సంఘం తరఫున చేతులెత్తి దండం. ముఖ్య అతిథిగా వస్తానన్న కౌన్సిలర్ గారు రాలేదు. ఆయన కోసం కొన్న శాలువా కోశాధికారి గారింట్లో భద్రంగా ఉంది.

పరీక్షలు జూన్‌లో అయిపోయాయి, సెప్టెంబరు దాకా పిల్లలకి బడి లేదు. ఆ పది వారాల్లో ఏం చేయాలన్నదే ఆ రోజు విషయం. ముప్పై ఒక్కమంది పిల్లలు, యాభై మందికి పైగా పెద్దలు వచ్చారు. పిల్లల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, అప్పుడే ఏ లెవెల్స్ (A-levels, సిక్స్త్ ఫారం చివర రాసే పరీక్షలు) రాసిన నలుగురు అన్నలూ అక్కలకీ అప్పగించాం. పెద్దలకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఈ నియమం మీద అలిగినవాళ్ళున్నారు. ఒక తండ్రిగారు వాళ్ళబ్బాయికి మంచినీళ్ళ సీసా ఇవ్వడానికని మూడుసార్లు తలుపు తీశారు. ఆయనా ఇది చదువుతారు, క్షమించాలి.

పిల్లలు పేరు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాశారు. వాటిని పెద్దల గదిలో చదివి వినిపించాం. కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

"ఫర్దర్ మ్యాథ్స్ మానేస్తే ఇంజనీరింగ్ సీటు రాదా?"

"హైదరాబాద్‌లో మా కజిన్ రోజుకి పదహారు గంటలు చదువుతాడని ఎన్నాళ్ళు వినాలి?"

"నాకు జాగ్రఫీ ఇష్టమని ఇంట్లో ఎప్పుడు చెప్పాలి? అన్నం తినకముందా, తిన్నాకా?"

మొదట అందరూ నవ్వారు. జాగ్రఫీ చీటీ చదివాక ఎవరింటి వాళ్ళని వాళ్ళు తలచుకున్నారేమో, కాసేపు సద్దు లేదు. తర్వాత ఒకావిడ లేచి వచ్చి, చేతిరాత గుర్తుపడతాను, చీటీలు చూపించమన్నారు. ఇవ్వలేదు. వచ్చే ఏడాది అన్నీ టైప్ చేసి తెస్తాం.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం అయ్యాక అందరినీ కలిపి కూర్చోబెట్టాం. అప్పుడు మాట్లాడిన అమ్మాయి మాటలు వినని సభ్యుల కోసం రాస్తున్నాను. జీసీఎస్ఈలో దాదాపు అన్నీ 9లు, అంటే అన్నిటికంటే పై గ్రేడు, తెచ్చుకున్న పిల్ల. "ఎలక్ట్రాన్లు 2, 8, 8 అని రెండేళ్ళు బట్టీ కొట్టాను. ఏ లెవెల్ కెమిస్ట్రీ మొదట్లోనే అది పూర్తి కథ కాదన్నారు. ఎస్, పి, డి ఆర్బిటాళ్ళని కొత్తగా మొదలుపెట్టారు. మొదటి టెస్టులో నాకు E గ్రేడ్ వచ్చింది" అంది. అప్పటికి వాళ్ళమ్మగారు వెనక మజ్జిగ పోస్తున్నారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "E గ్రేడా? ఎప్పుడే?" అన్నారు. "ఇయర్ 12 అక్టోబరులో." "నాకెందుకు చెప్పలేదు?" "నీకు చెప్తే పెదనాన్నకి తెలుస్తుంది. పెదనాన్నకి తెలిస్తే మన ఊరంతటికీ తెలుస్తుంది." గది గదంతా నవ్వింది, ఆవిడతో సహా. ఆ పిల్ల క్రిస్మస్ సెలవుల్లో పాఠాలు మొదటి నుంచి మళ్ళీ చేసుకుని నిలదొక్కుకుంది, ఆగస్టు 14న వచ్చిన ఫలితాల్లో కోరుకున్న యూనివర్సిటీకే వెళ్ళింది. సంఘం పెట్టి ఇన్నేళ్ళలో మనం చేసిన కార్యక్రమాలన్నిటిలో నాకు ఆ పది నిమిషాలే ఎక్కువ గుర్తుంటాయి.

ఆ రోజు చెప్పిన మరికొన్ని సంగతులు, రానివాళ్ళ కోసం. ఏ లెవెల్ మ్యాథ్స్‌లో మూడింట రెండు వంతులు ప్యూర్ (శుద్ధ గణితం), మిగతాది స్టాటిస్టిక్స్, మెకానిక్స్. అల్జీబ్రా గట్టిగా లేకపోతే మొదటి నెలలోనే తెలిసిపోతుంది. అందుకే చాలా స్కూళ్ళు ఎండాకాలానికి పని ఇస్తాయి, దాన్ని ఆగస్టు 31 రాత్రికి మిగల్చకండి. మ్యాథ్స్‌కి చాలా చోట్ల జీసీఎస్ఈలో 6 లేదా 7 అడుగుతారు, ఫర్దర్ మ్యాథ్స్‌కి 7 లేదా 8. టీచర్లు అంచనా వేసి యూనివర్సిటీకి పంపే ప్రెడిక్టెడ్ గ్రేడ్లు సాధారణంగా ఇయర్ 12 చివరికల్లా తేలిపోతాయి, కాబట్టి మొదటి ఏడాది ఆడుతూ పాడుతూ అన్న మాట ఇక్కడ చెల్లదు. మెడిసిన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అనుకునేవాళ్ళకి యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు ఇయర్ 13 అక్టోబరు 15. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చి, పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్నవాళ్ళు, పదహారు నిండాక పిల్లలు చదువు కొనసాగిస్తున్నారని పన్నుల శాఖ హెచ్ఎంఆర్సీకి చెప్పకపోతే ఆ ఆగస్టు 31తో డబ్బు ఆగిపోతుంది. దాని గురించి ఉత్తరం వస్తుంది, పిజ్జా కరపత్రాలతో కలిపి పారేయకండి.

ఫీజుల చర్చ మాత్రం మేం అనుకున్న అరగంటలో తెమలలేదు. సిక్స్త్ ఫారం దాకా ప్రభుత్వ స్కూల్లో ఫీజు లేదు, నిజమే. యూనివర్సిటీ దగ్గర తేడా వస్తుంది. కోర్సు మొదలయ్యేనాటికి ఐఎల్ఆర్ లాంటి శాశ్వత నివాసం, అంతకు ముందు మూడేళ్ళు ఇక్కడ కాపురం ఉంటే హోం ఫీజు, 2025–26లో ఏడాదికి 9,535 పౌండ్ల దాకా. వర్క్ వీసా మీదే ఉంటే మామూలుగా ఇంటర్నేషనల్ ఫీజు, అది దీనికి రెండింతలో మూడింతలో కూడా కావచ్చు, స్టూడెంట్ లోన్ కూడా రాదు. బ్రాక్‌నెల్ నుంచి వచ్చిన ఒకాయన వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. ఆయన 2022 ఆగస్టులో వచ్చారు. ఐఎల్ఆర్‌కి లెక్కేసే ఐదేళ్ళు నిండేది 2027 ఆగస్టు. అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళేది 2027 సెప్టెంబరు. ఒక్క నెల తేడాతో గట్టెక్కుతామనుకుంటే, 2025 మే నెలలో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో ఆ ఐదేళ్ళని పదేళ్ళు చేసే ప్రతిపాదన వచ్చింది. ఆయన అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పకూడదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఇమ్మిగ్రేషన్ సలహా ఇస్తే ఇక్కడ నేరం. గ్రూపులో తెల్లవార్లూ సలహాలిచ్చే పెద్దలు కూడా ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

వృత్తి చదువులైన టీ లెవెల్స్ (T-levels), అప్రెంటిస్‌షిప్‌ల మీద పెట్టిన సమావేశానికి నలుగురొచ్చారు. టీ లెవెల్ మూడు ఏ లెవెల్స్‌తో సమానమని, కనీసం నలభై ఐదు రోజులు కంపెనీలో పని కూడా నేర్పిస్తారని చెప్తుంటే, ఒకాయన "ఐటీఐ లాంటిదా?" అని అడిగి, జవాబు వినకుండా లేచి వెళ్ళారు. ఉండిపోయిన ముగ్గురిలో ఒకరి అబ్బాయి ఇప్పుడు డిజిటల్ టీ లెవెల్ చదువుతున్నాడు, బాగున్నాడు. అలాగే జీసీఎస్ఈ ఇంగ్లీషులోనో మ్యాథ్స్‌లోనో 4, అంటే పాసు గ్రేడు, రాకపోతే ఆ సబ్జెక్టు మళ్ళీ చదువుతూ ముందుకెళ్ళచ్చు, నవంబరులో తిరిగి రాయచ్చు. దాచిపెట్టాల్సిన విషయం కాదు. రెండు కుటుంబాలు దాచిపెట్టి, సెప్టెంబరు దాటాక ఫోన్ చేశాయి.

పుస్తకాల బ్యాంకు పెట్టాం. దాతలకి కృతజ్ఞతలు. కానీ ఏక్యూఏ, ఎడెక్సెల్, ఓసీఆర్ వేరు వేరు పరీక్షల బోర్డులు, పుస్తకాలూ వేరు. ఓసీఆర్‌లోనే మళ్ళీ రెండు రకాలు. మా స్కూలు ఏ బోర్డో అడిగి తెలుసుకోకుండా పుస్తకం పట్టుకెళ్ళి, నెల తర్వాత అండర్‌లైన్లతో తిరిగిచ్చినవాళ్ళున్నారు. గ్రాఫిక్ క్యాలిక్యులేటర్లు మూడు వచ్చాయి, మూడూ ఒక్కరోజులో పోయాయి.

ఆగస్టు 21, గురువారం, ఫలితాల రోజు. సందేహాలకి ఫోన్ దగ్గర కూర్చోవడానికి ఎనిమిది మంది గ్రూపులో "నేనున్నాను" అన్నారు, బొటనవేళ్ళు పెట్టారు. ఉదయం ఎనిమిదికి ఉన్నది ఇద్దరం. మిగతా ఆరుగురిలో ముగ్గురు ఇండియాలో ఉన్నారు. అక్కడున్నామని ముందే చెప్తే బాగుండేది. ఆ రోజు వచ్చిన ఫోన్లలో ఒకటి విజయవాడ నుంచి. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అబ్బాయికి గ్రేడ్లు ఈమెయిల్లో వచ్చాయి, సీటు షరతు దాటాడు కూడా, కానీ స్కూలు శుక్రవారం సాయంత్రంలోగా నేరుగా వచ్చి చేరమంది. ఇక్కడున్న మన ఉపాధ్యక్షురాలు ఆ స్కూలుకి వెళ్ళి, కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడి, మంగళవారం దాకా సీటు ఆపించారు. ఇకనైనా ఇయర్ 11 పిల్లలున్నవాళ్ళు ఆగస్టు మూడో వారానికి తిరిగొచ్చేలా టికెట్లు తీసుకోండి. 2026 ఫలితాలు ఆగస్టు 20న.

కృతజ్ఞతలు. పేర్లు రాయవద్దని కమిటీ తీర్మానం. పోయినసారి ఒక పేరు జారిపోయి ఆర్నెల్లు మాటల్లేవు. పులిహోర కలిపిన ముగ్గురు అక్కలకి, సొంత కారులో కుర్చీలు మోసిన అన్నయ్యకి, టీచరుగా పనిచేస్తూ సెలవు రోజున వచ్చి ఏ లెవెల్ ఆప్షన్లు ఓపిగ్గా వివరించిన చెల్లెలికి, మాట్లాడిన నలుగురు పిల్లలకి, ఫలితాల రోజు నాతో కూర్చున్న ఆ ఒక్కరికి. ఎవరెవరో వాళ్ళకి తెలుసు.

లెక్కలు. మొదటి నిల్వ 1,840 పౌండ్లు, చందాలు 2,310, విరాళాలు 950, ఖర్చు 3,475, చేతిలో 1,625. రద్దయిన హాలు డబ్బు ఇంకా తిరిగి రాలేదు. విరాళాల మీద ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకునే గిఫ్ట్ ఎయిడ్ ఈసారీ క్లెయిమ్ చేయలేదు. మిగతా వివరాలు కోశాధికారి గారు సమావేశంలో చెప్తారు.

సర్వసభ్య సమావేశం నవంబరు 9, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి. కుర్చీలు వేయడానికి నలుగురు రెండున్నరకే కావాలి. నా పదవీకాలం అయిపోయింది, కార్యదర్శి పోస్టుకి ఇంతవరకు ఒక్క నామినేషనూ రాలేదు. జూలైలో పులిహోర వచ్చిన స్టీలు బేసిన్లు రెండు మా గ్యారేజీలో ఉన్నాయి. అడుగున పేరు లేదు. ఎవరివో వాళ్ళు ఆ రోజు తీసుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి