చేత్తో వేసిందన్నారు, అచ్చు బొమ్మ పంపారు

బెంగళూరు,
మార్చి 7

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: చిత్రకారుడు వాన్ గో వేసిన 'గోధుమ చేను, కాకులు' చిత్రానికి చేత్తో వేసిన నకలు అని అమ్మి, ప్రింటు పంపడం, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఇంతకుముందు ఇంగ్లీషులో మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, కింద సంతకం పేరు మాత్రం మారుతూ వచ్చింది. మీ కస్టమర్ కేర్‌లో తెలుగు వాళ్ళు కూడా ఉన్నారని ఫోనులో చెప్పారు కాబట్టి, ఈసారి తెలుగులోనే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేము మారతహళ్ళి దగ్గర ఉంటాం. జనవరిలో కొత్త ఫ్లాటులోకి మారాం. హాల్లో సోఫా వెనక గోడకి ఈ బొమ్మ ఉండాలన్న కోరిక మా నాన్నగారిది. ఆయన ఒంగోలు దగ్గర ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేశారు. గోధుమ చేను ఎన్నడూ చూసింది లేదు, వరిచేల మీద వాలే కాకులే తెలుసు. అయినా ఒకప్పుడు స్కూల్లో పెట్టడానికి ఇదే బొమ్మని పోస్టర్ కలర్లతో తనే వేశారు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని బ్రష్ పట్టడం మానేశారు. మా అత్తగారేమో "కొత్తింట్లో కాకులేమిటమ్మా, తద్దినానికి పిలిచినట్టు" అని రెండు రోజులు సణిగారు. ఆవిడని ఒప్పించి జనవరి 24న ఆర్డరు పెట్టాను. కాన్వాసు మీద ఆయిల్, ఎత్తు 20 అంగుళాలు, వెడల్పు 40, "పూర్తిగా చేత్తో చిత్రించినది", ధర 14,500 రూపాయలు. వేయడానికే 25 రోజులు పడుతుందని మీ పేజీలోనే ఉంది.

ఆరో రోజుకల్లా పార్సిల్ వచ్చేసింది. నేను సంబరపడ్డాను. నాన్నగారు మాత్రం అట్టపెట్టె విప్పకముందే "ఇంత తొందరగా ఆయిల్ ఆరనైనా ఆరదు కదమ్మా" అన్నారు.

విప్పాక ముందు వాసన చూశారు. అవిసె నూనె వాసన లేదు, ప్లాస్టిక్ వాసన వచ్చింది. తర్వాత వేళ్ళతో తడిమారు. వాన్ గో రంగుని పల్చగా పూసే మనిషి కాదు. బ్రష్ ఎటు లాగితే రంగు అటు గట్టులా లేచి నిలబడుతుంది. ఆ కాకులైతే ఒక్కొక్కటీ నాలుగు నల్లటి గీతలు, అంతే. మంచి నకలైతే చేలో గాలి ఎటు వీస్తోందో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పొచ్చంటారు నాన్నగారు. మీరు పంపిన దాని మీదా గట్లున్నాయి. కాకపోతే అవి రంగువి కావు, పైన పూసిన జెల్‌వి. గోధుమ వెన్నులు నిలువుగా ఉంటే జెల్ గీతలు అడ్డంగా పోతున్నాయి. ఒక గీతైతే చేలో మొదలై, కాకి మీదుగా ఆకాశం దాకా వెళ్ళిపోయింది. ఫోను కెమెరాలో జూమ్ చేస్తే పసుపంతా చిన్న చిన్న చుక్కలే, ప్రింటరు వేసే చుక్కలు. ఆ ఫోటోలు ఆరు జతచేశాను.

కొలత కూడా తప్పే. అసలు బొమ్మ 50.5 సెంటీమీటర్ల ఎత్తు, 103 వెడల్పు. మీరు పంపింది 24కి 36 అంగుళాలు. అందులో ఇరికించడానికి రెండు పక్కలా కోసేశారు. ఆ చేలో మూడు బాటలుంటాయి. పక్క బాటలు రెండూ తెగిపోయి నడిమిదొక్కటే మిగిలింది. నాన్నగారు దానికేసి చూసి ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దీనికి మీ వాళ్ళ జవాబు: పైన టెక్స్చర్ చేత్తో వేశారు కాబట్టి హ్యాండ్ పెయింటెడే, కొలత మార్చడం ఆర్టిస్టు స్వేచ్ఛ. బజారులో కొన్న మైసూర్‌పాకు మీద జీడిపప్పు అద్ది, మా ఇంట్లో చేసిందే అన్నట్టుంది.

నకలని తెలిసే కొన్నాం. అసలుది ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియంలో ఉందని మాకు తెలుసు. ప్రింటంటే చిన్నచూపూ లేదు. ప్రింటని చెప్పి ప్రింటు ధరకి అమ్మితే గొడవే లేదు. మేము డబ్బు కట్టింది ఒక మనిషి కూర్చుని వేసినందుకు. మీరు పంపింది నకలుకి నకలు. ఏటా చిత్రకళా పరిషత్ దగ్గర కుమార కృప రోడ్డు మీద చిత్ర సంతె జరుగుతుంది. అక్కడ ఎవరినైనా అడిగి వేయించుకుంటే డబ్బు ఒక చిత్రకారుడికైనా చేరేదని నాన్నగారి బాధ.

అన్నట్టు, మీ పేజీలో దీన్ని వాన్ గో ఆఖరి చిత్రం అని రాశారు. అదీ దిద్దుకోండి. ఇది 1890 జులైలోదే గానీ, దీని తర్వాత కూడా ఆయన బొమ్మలు వేశారు.

కస్టమ్ ఆర్డరుకి రిటర్న్ లేదంటున్నారు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని కూడా ఉంది. నేను మొదటి మెయిల్ పెట్టింది జనవరి 31న. నెల దాటింది.

మార్చి 17 లోపు 14,500 రూపాయలూ నా ఖాతాకి తిరిగి రావాలి. ఇంకో బొమ్మ పంపుతామనకండి, నమ్మకం లేదు. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

బొమ్మ దాని అట్టపెట్టెలోనే, తలుపు వెనక ఉంది. తీసుకెళ్ళే మనిషిని శనివారం పదకొండు తర్వాత పంపండి, ముందుగా ఫోన్ చేయమనండి. రశీదు లేకుండా ఇవ్వను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జత: ఇన్‌వాయిస్, మీ ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, ఫోటోలు ఆరు, మెయిళ్ళ నకళ్ళు